మనుషులంటే భయమని వస్తే మనుషుల మధ్యే కూర్చోబెడతారా? గ్రూపులకు వెళ్లినవాళ్లు చెప్పండి

తలుపుచాటు

ముప్ఫై దాటాయి, ఉద్యోగం ఉంది, ఇంట్లోవాళ్లతో బాగానే మాట్లాడతాను. కానీ నలుగురు కూర్చున్న గదిలోకి అడుగు పెట్టాలంటే ముందురోజు రాత్రి నుంచే కడుపులో తిప్పుతుంది. సోషల్ యాంగ్జైటీ అని సైకాలజిస్టు తేల్చి చెప్పారు. ఇద్దరమే కూర్చుని మాట్లాడుకున్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు ఇదే సమస్య ఉన్నవాళ్లు కలిసి చికిత్స తీసుకునే గ్రూపులో చేరమంటున్నారు.

వెళ్లాను. కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. అంటే వెనక వరుస అనేదే లేదు. "ఒక్కొక్కరే పేరు, ఎందుకు వచ్చారో చెప్పండి" అన్నారు. వంతు ఎడమవైపు నుంచి నా వైపు వస్తోంది. ఇంకా ముగ్గురున్నారనగానే చెవుల్లో గుండె చప్పుడు తప్ప మరేదీ వినిపించలేదు. నా పేరు నేనే మరిచిపోతానేమో అన్నట్టు మనసులో మళ్లీ మళ్లీ అనుకుంటున్నాను. పక్కనున్నావిడ ఏం చెప్పారో, ఏడ్చారో నవ్వారో కూడా తెలియదు. నా వంతు రాగానే పేరు మాత్రం చెప్పి, ఫోను వచ్చినట్టు బయటికి నడిచాను. మళ్లీ లోపలికి వెళ్లలేదు.

నడవలేనివాణ్ణి ఆసుపత్రి దాకా పరుగెత్తుకు రమ్మన్నట్టుంది ఇది. మీలో ఎవరికైనా గ్రూపు వల్ల నిజంగా మార్పు వచ్చిందా? ధైర్యం చెప్పే మాటలు వద్దు. ఏం జరిగిందో చెప్పండి.

ఉడుత

"ఇంకా ముగ్గురున్నారనగానే" అన్నచోట చదవడం ఆపి, కాసేపు అటూ ఇటూ తిరిగి వచ్చి మిగతాది చదివాను. నేను ఇంతవరకూ ఏ గ్రూపుకూ వెళ్లలేదు. జవాబుల కోసం నేనూ ఎదురుచూస్తున్నాను.

వానచినుకు

పేర్లు చెప్పించే ఆ రౌండు ఎవరు కనిపెట్టారో గానీ, ఈ సమస్య ఉన్నవాళ్ల దగ్గర అదే మొదట పెట్టడం అన్యాయం.

లెక్కలమాస్టారు

నాకు మార్పు వచ్చింది. ఎలా వచ్చిందో వివరంగా చెప్తాను, కాస్త పొడవైనా ఓపిక పట్టండి.

నేను టీచరును. అరవై మంది పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పగలను. బెల్లు కొట్టి స్టాఫ్ రూములోకి వెళ్తేనే సమస్య. అక్కడ పాఠం ఉండదు, ఊరికే మాట్లాడుకోవాలి. ఎప్పుడు నవ్వాలి, ఎప్పుడు లేవాలి, ఎవరి పక్కన కూర్చోవాలి అన్నదానికే నా శక్తంతా అయిపోయేది. చివరికి ఖాళీ పీరియడ్లలో లైబ్రరీలో దాక్కోవడం అలవాటైంది.

నేను వెళ్లింది కబుర్ల గ్రూపు కాదు, సీబీటీ గ్రూపు. అంటే ఆలోచనలనూ అలవాట్లనూ అభ్యాసాలతో మార్చుకునే థెరపీ. రిచర్డ్ హైంబర్గ్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1980లలో రూపొందించిన పద్ధతి. ఆరుగురు సభ్యులు, ఇద్దరు థెరపిస్టులు, వారానికొకసారి రెండున్నర గంటలు, మొత్తం 12 వారాలు. మొదటి రెండు వారాలు ఎవరినీ లేపి నిలబెట్టరు. మన తలలో పరుగెత్తే ఆలోచనలను పట్టుకుని కాగితం మీద పెట్టడం నేర్పుతారు. ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది.

నా అభ్యాసం ఇది. గది మధ్యలో రెండు కుర్చీలు. తోటి సభ్యుడొకరు స్టాఫ్ రూములో సహోద్యోగిగా నటిస్తాడు. నేను వెళ్లి పక్కన కూర్చుని ఏదో ఒకటి మాట్లాడాలి, అంతే. గోడ మీద బోర్డులో నా ఆలోచన, "మాట ఆగిపోతే నేను పనికిరానివాణ్ణని తెలిసిపోతుంది" అని, దాని కింద నేను రాసుకున్న జవాబు, "మాట ఆగడానికి ఇద్దరూ కారణమే" అని ఉన్నాయి. నిమిషానికొకసారి థెరపిస్టు "ఎంత?" అని అడుగుతారు. భయం 0 నుంచి 100లో ఎంతుందో చెప్పి, బోర్డు మీది జవాబు పైకి చదివి, మళ్లీ సంభాషణలోకి వెళ్లాలి. మొదట 85 అన్నాను. తర్వాత 90. మాట నిజంగానే ఆగిపోయింది. ఇద్దరం నేలకేసి చూస్తున్నాం. "ఎంత?" అన్నారు. 80 అన్నాను. అంటే జరగకూడదనుకున్నది జరిగాక భయం తగ్గింది! ఆ అంకెను నా నోటితో నేనే చెప్పి విన్న తర్వాత దాన్ని కాదనడం నాకు కుదరలేదు.

అది ఇద్దరే ఉన్న గదిలో జరిగేది కాదు. సహోద్యోగిగా నటించడానికి థెరపిస్టు కాని మనిషి కావాలి.

నెమలీక

మాస్టారు గారి అదృష్టం అది. నా అనుభవం వేరు.

మా గ్రూపులో అభ్యాసాలూ లేవు, బోర్డూ లేదు. వారంవారం ఒకరి తర్వాత ఒకరు ఆ వారం ఎక్కడెక్కడ భయపడ్డారో చెప్పేవారు. మిగతావాళ్లు తలలూపేవారు. నాకు లేని భయాలు కూడా కొన్ని అక్కడే తగులుకున్నాయి. అప్పటిదాకా ఫోను ఎత్తడం నాకు కష్టం కాదు. అక్కడ ముగ్గురు దాని గురించి చెప్పుకున్నాక, మోగే ఫోనును చూస్తే ఒక్క క్షణం చేయి ఆగడం మొదలైంది. కొన్ని నెలలు వెళ్లి మానేశాను. తర్వాత ఒక్కదాన్నే థెరపీకి వెళ్లి బాగుపడ్డాను.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కూడా కాదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2013లో సోషల్ యాంగ్జైటీ మీద ఇచ్చిన దాంట్లో పెద్దలకు మొదట వ్యక్తిగత సీబీటీనే ఇవ్వాలంది. దానికి బదులుగా గ్రూపు సీబీటీని మామూలు పద్ధతిగా ఇవ్వవద్దని కూడా అంది. తలుపుచాటు గారూ, మీ సైకాలజిస్టును ఆ మాట అడగండి.

పాతకాపు

నెమలీక గారు చెప్పింది నిజమే, కానీ సగమే. అదే మార్గదర్శకంలో, మిగతా చాలా పద్ధతులకంటే గ్రూపు సీబీటీ బాగా పనిచేస్తుందనడానికి ఆధారాలున్నాయని కూడా ఉంది. వ్యక్తిగత సీబీటీతో పోల్చినప్పుడే అది వెనకబడింది. ఒంటరిగా మంచి థెరపీ దొరికినవాళ్లు అదే తీసుకోవాలి, అందులో వాదన లేదు. దొరకనివాళ్ల సంగతి ఏమిటి? ఏమీ చేయకుండా ఇంట్లో కూర్చోవడంతో పోల్చండి అప్పుడు.

అసలు మీరిద్దరూ ఒకే విషయం గురించి మాట్లాడటం లేదు. మాస్టారు వెళ్లింది అభ్యాసాల గ్రూపు, మీరు వెళ్లింది కష్టసుఖాలు చెప్పుకునే గ్రూపు. హైంబర్గ్ బృందం ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. 1990లో వెలువడిన అధ్యయనంలో రెండు గ్రూపులవాళ్లూ మెరుగుపడ్డారు గానీ అభ్యాసాలు చేసినవాళ్లు ఎక్కువ మెరుగుపడ్డారు, కొన్నేళ్ల తర్వాత చూసినా వాళ్లే ముందున్నారు. 1998లో 133 మందితో ఇంకొకటి చేశారు. ఒక భాగానికి ఫెనెల్జిన్ అనే మందు, ఒక భాగానికి సీబీటీ గ్రూపు, ఒక భాగానికి ఉత్తుత్తి మాత్ర, ఒక భాగానికి సమాచారమూ ఓదార్పూ ఇచ్చే గ్రూపు. మందూ సీబీటీ గ్రూపూ పనిచేశాయి. ఓదార్పు గ్రూపును వాళ్లు పెట్టిందే ఉత్తుత్తి మాత్రలాగా పోలిక కోసం.

కాబట్టి "గ్రూపు పనిచేస్తుందా" అని అడగకండి. "ఆ గదిలో ఏం చేయిస్తారు" అని అడగండి.

నెమలీక

పాతకాపు గారి చివరి మాట ఒప్పుకుంటాను. ఆ ప్రశ్న చేరకముందే అడగవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు.

మూడో_వరుస

ఓదార్పును మరీ అంత తీసిపారేయకండి. ఇర్విన్ యాలోమ్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1970లోనే గ్రూపు థెరపీ మీద రాసిన పుస్తకంలో, ఈ బాధ నాకొక్కడికే కాదు అని తెలియడాన్ని మేలు చేసే అంశాల్లో ఒకటిగా చెప్పారు. ముఖ్యంగా మనకు. డయాబెటిస్ ఉన్నవాడికి ఇంకో డయాబెటిస్ ఉన్నవాడు ఎక్కడైనా తారసపడతాడు. మనం ఒకరికొకరం తారసపడం, ఎందుకంటే అందరం దాక్కునే ఉంటాం.

ఎదురుగా కూర్చున్న మనిషి, చూస్తే పెద్ద ఆఫీసరులా ఉన్నాయన, "రిసెప్షన్‌లో ఉన్నవాళ్లను దాటి వెళ్లలేక వెనక మెట్లెక్కుతాను" అన్నప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. నేను ఏళ్ల తరబడి చేస్తున్నది అదే.

లెక్కలమాస్టారు

మూడో_వరుస గారూ, అది నిజం. మా గ్రూపులో కూడా అందరం సమయానికి ముందే వచ్చి, తలుపు బయట ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటూ నిలబడేవాళ్లం. అందరికంటే ముందు లోపలికి ఎవరు వెళ్తారన్నది తేలేది కాదు. ఒకరోజు థెరపిస్టే తలుపు తీసి చూసి, "ఖాళీ గదంటే కూడా భయమేనా?" అని నవ్వేశారు. అందరం నవ్వాం. మేమందరం కలిసి నవ్వడం అదే మొదటిసారి.

వానచినుకు

నేను ఆన్‌లైన్ గ్రూపులో ఉన్నాను. కెమెరా ఆపేసి, మాట్లాడకుండా, చాట్‌లో రాస్తే చాలు. తలుపుచాటు గారికి ఇదే సరిపోతుందనుకుంటున్నాను. గుండ్రటి కుర్చీలు ఉండవు, బయటికి నడవాల్సిన పని ఉండదు, నచ్చకపోతే ఒక్క మీట నొక్కితే చాలు.

గట్టుమీద

ఆ ఒక్క మీటే కదా సమస్య. డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే సైకాలజిస్టులు 1995లో చెప్పిన వివరణ చదవండి. ఈ భయం ఇన్నేళ్లు తగ్గకుండా ఉండటానికి ఒక ముఖ్య కారణం మనం చేసే రక్షణ చర్యలే అంటారు. చేయి వణుకుతుందని గ్లాసును రెండు చేతులతో పట్టుకోవడం, వాక్యాన్ని ముందే మనసులో అల్లుకుని అప్పుడు చెప్పడం, ఎవరూ ప్రశ్న అడగకుండా ఫోను చూసుకోవడం, ఇవన్నీ. ఏ అనర్థమూ జరగకపోతే "నేను జాగ్రత్త పడ్డాను కాబట్టి బతికిపోయాను" అనుకుంటాం. అసలు జాగ్రత్తే అవసరం లేదని ఎప్పటికీ తెలియదు. కెమెరా ఆపేసి కూర్చోవడం కూడా అందులోదే. ఏళ్లు గడిచినా అక్కడే ఉంటారు.

వానచినుకు

గట్టుమీద గారూ, మీరు పుస్తకంలోది సరిగ్గానే చెప్పారు, కానీ నేను ఎక్కడ మొదలుపెట్టానో మీకు తెలియదు. తలుపు కొట్టిన చప్పుడు వింటే లోపల లైటు ఆపేసి ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. కెమెరా తప్పనిసరి అని ఉంటే నేను ఆ లింకు తెరిచేదాన్నే కాదు. మొదట వినడం. తర్వాత చాట్‌లో ఒక వాక్యం. తర్వాత గొంతు. కిందటి నెల కెమెరా పెట్టాను, దీపం వెలుగు తక్కువగా ఉంచుకుని. ఎవరూ ఏమీ అనలేదు. మీరన్న "అక్కడే ఉంటారు" నాకు వర్తించదు.

గట్టుమీద

మీరు ఒక్కో మెట్టూ ఎక్కారు కాబట్టి వర్తించదు, ఒప్పుకుంటున్నాను. మెట్లు లేని గ్రూపుల గురించి నేను చెప్పినది అలాగే ఉంచుతాను.

నిర్వాహకుడు

వాదన బాగుంది, మర్యాదగా సాగుతోంది. ఒక్క విన్నపం: రాసేముందు ఎదుటివారు ఏ మెట్టు మీదున్నారో మనకు తెలియదని గుర్తుంచుకోండి. చదువుతూ ఏమీ రాయనివాళ్లకు: మీరు ఉన్నారని మాకు తెలుసు, రాయాలన్న తొందరేమీ లేదు.

తలుపుచాటు

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అన్నీ చదివాను, కొన్ని రెండుసార్లు.

ఇంకొకటి అడగాలి. గదిలో ఉన్నప్పటి భయం ఒక ఎత్తు, ఇంటికొచ్చాక జరిగేది ఇంకొక ఎత్తు. ఆరోజు రాత్రి పడుకుని, పేరు చెప్పిన ఆ రెండు క్షణాలనూ తెల్లవారేదాకా తిరగేశాను. గొంతు ఎంత సన్నగా వచ్చింది, లేస్తున్నప్పుడు కుర్చీ ఎలా కిరకిరలాడింది, వెనక ఎవరైనా నవ్వారా. వారంవారం వెళ్తే వారంవారం ఇదేనా?

మూడో_వరుస

ఆ తిరగేయడం కూడా జబ్బులో భాగమే, మీ ఒక్కరి స్వభావం కాదు. గట్టుమీద గారు చెప్పిన క్లార్క్, వెల్స్ ఇద్దరూ దీన్ని విడిగా ప్రస్తావించారు. మన జ్ఞాపకం అక్కడ ఎదుటివాళ్ల ముఖాలను దాచుకోదు, అప్పుడు మనకు ఎలా అనిపించిందో దాన్నే దాచుకుంటుంది. మీరు రాసింది చూడండి: పక్కావిడ ఏడ్చారో నవ్వారో తెలియదన్నారు. మరి వెనక ఎవరైనా నవ్వారని ఎలా తెలుస్తుంది? రాత్రంతా మీరు చూసిన బొమ్మ మీరు గీసుకున్నదే.

మా గ్రూపులో దీనికొక పద్ధతి ఉండేది. మీటింగు మొదట్లో ఎవరైనా చేయెత్తి, "పోయినవారం నేను ఏం మాట్లాడానో ఎవరికైనా గుర్తుందా?" అని అడగవచ్చు. అడిగినవాళ్లు ఆ వారమంతా నిద్ర పోకుండా నమిలిన వాక్యం ఉంటుంది. మిగతా అందరూ కళ్లు చిట్లించి ఆలోచించి, "మీరు నీలం చొక్కా వేసుకున్నారు కదూ" అనేవారు. అది కూడా తప్పే అయ్యేది, ఎందుకంటే ఆరోజు ఆయన వేసుకున్నది ఆకుపచ్చది.

పాతకాపు

చొక్కా అంటే గుర్తొచ్చింది. కోర్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్ బృందం ఒక ప్రయోగం చేసింది, 2000లో అచ్చయింది. విద్యార్థికి ఇబ్బందిగా అనిపించే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగించి, తోటి విద్యార్థులు కూర్చున్న గదిలోకి పంపారు. బయటికొచ్చాక, ఎంతమంది ఆ బొమ్మను గమనించి ఉంటారని అడిగితే "దాదాపు సగం మంది" అన్నారు. నిజంగా గమనించింది అందులో సగమే, నాలుగో వంతు మంది. ఆ విద్యార్థులు ఈ జబ్బు ఉన్నవాళ్లు కూడా కాదు, మామూలువాళ్లు.

ఉడుత

నాలుగో వంతు మంది గమనించారు కదా మరి! నా మనసు ఆ నాలుగో వంతునే పట్టుకుంటోంది.

లెక్కలమాస్టారు

ఉడుత గారూ, మంచి ప్రశ్న. అందరూ గమనించరు అని మనల్ని మనం నమ్మించుకోవడం కాదు ఇక్కడ పని. గమనిస్తే ఏమవుతుందో చూడటం. అందుకే కొన్ని గ్రూపుల్లో కావాలనే తప్పు చేయిస్తారు. మా గ్రూపులో ఒకావిడకు చేతులు వణుకుతాయని భయం. నలుగురి ముందు గ్లాసెడు నీళ్లు తాగాలంటే ప్రాణం పోయేది. ఆవిడకు ఇచ్చిన పని: నిండు గ్లాసు తీసుకుని, కావాలనే చేయి వణికించి, కొన్ని నీళ్లు చీర మీద ఒలకబోసుకుని, మాట ఆపకుండా కొనసాగించాలి.

మొదటిసారి ఆవిడ ఎంత ప్రయత్నించినా నీళ్లు ఒలకలేదు. అంత గట్టిగా పట్టుకుని ఉంది గ్లాసును. వేళ్లు తెల్లబడిపోయాయి. "వదులు చేయండి" అంటుంటే "రావడం లేదు" అంటోంది. చివరికి ఒలికాయి. కుచ్చిళ్ల మీద అరచేయంత తడి. ఆవిడ దానికేసి చూసి, మాట కొనసాగించింది. ఎదురుగా కూర్చున్న నేను ఆమె చెప్పేది వింటున్నానే తప్ప తడిని చూడటం లేదు. తర్వాత ఆవిడ నన్ను అదే అడిగారు, నేను అదే చెప్పాను.

ఎర్రమందారం

చేతులు దాచుకోవచ్చు. ముఖం ఎర్రబడటాన్ని ఎక్కడ దాచుకోవాలి? నాది అది. మెడ నుంచి మొదలై చెవుల దాకా పాకుతుంది. "ఏమయ్యింది, అలా ఎర్రబడ్డారు" అని ఎవరో ఒకరు అంటారు, దాంతో ఇంకా పెరుగుతుంది.

మూడో_వరుస

ఎర్రమందారం గారూ, వీడియో తీసి చూపించే పద్ధతి గురించి అడిగి చూడండి. రెండు నిమిషాలు మాట్లాడిస్తారు, రికార్డు చేస్తారు. చూపించేముందు "మీ ముఖం ఎంత ఎర్రగా కనిపిస్తుందనుకుంటున్నారు" అని అడిగి, రంగుల పట్టీ మీద గుర్తు పెట్టిస్తారు. తర్వాత వీడియోను అపరిచితుణ్ణి చూసినట్టు చూడమంటారు. లోపల అనిపించే వేడికీ బయట కనిపించే రంగుకూ ఎంత తేడా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. కొంతమందికి రంగు నిజంగానే కనిపిస్తుంది, లేదని నేను అనను. కానీ వాళ్లు గుర్తు పెట్టినంత ముదురుగా ఉండటం నేను చూడలేదు.

చీకటిచెట్టు

మీటింగుకు ముందు కొంచెం మద్యం తీసుకుని వెళ్తే నేను బాగానే మాట్లాడగలుగుతున్నాను. ఇందులో తప్పుందా?

నెమలీక

తప్పొప్పుల సంగతి కాదు. మాట్లాడింది మీరు కాదు, మద్యమేనని మీ మనసు లెక్క వేసుకుంటుంది. తర్వాతి వారం అది లేకుండా వెళ్లడం ఇంకా కష్టమవుతుంది. మా గ్రూపులో ఒకరు అలాగే మొదలుపెట్టి, చివరికి రెండు జబ్బులకు చికిత్స తీసుకోవాల్సి వచ్చింది. సోషల్ యాంగ్జైటీ ఉన్నవాళ్లలో మద్యం సమస్య మామూలువాళ్లకంటే ఎక్కువని డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. మీ డాక్టరుకు ఈ మాట దాచకుండా చెప్పండి, ముఖ్యంగా మందులు వాడుతుంటే.

చీకటిచెట్టు

చెప్పలేదు ఇంతవరకు. చెప్తాను.

గట్టుమీద

మందుల మాట వచ్చింది కాబట్టి. వేదిక ఎక్కేముందు ప్రొప్రనొలాల్ అనే మాత్ర వేసుకుంటే వణుకూ దడా తగ్గుతాయని చాలామంది అంటారు. అది ప్రసంగం, కచేరీ లాంటి ఒక్క సందర్భానికి పనికొస్తుందేమో గానీ రోజంతా మనుషులతో ఉండే భయానికి చికిత్స కాదు. ఆస్తమా ఉన్నవాళ్లు అసలు వేసుకోకూడదు. మిత్రులు ఇచ్చారని వేసుకోకండి. ఈ జబ్బుకు మామూలుగా మొదట రాసేది డిప్రెషన్‌కు కూడా వాడే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు, వాటి ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో సొంతంగా ఆపకూడదు.

నిర్వాహకుడు

మందుల మోతాదులు ఎవరూ రాయవద్దు. ఎవరికి ఎంత అన్నది సైకియాట్రిస్టు చూసి చెప్పాల్సిన విషయం.

దారిపొడవునా

నాకు దగ్గర్లో ఏ గ్రూపూ లేదు, సీబీటీ తెలిసినవాళ్లూ లేరు. నాలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు పరిచయమయ్యారు. థెరపిస్టు లేకుండా మేమే కలవవచ్చా? లేక ప్రసంగాలు నేర్పే క్లబ్బుల్లో చేరడం మంచిదా?

పాతకాపు

కలవవచ్చు. కొత్తేమీ కాదు. అబ్రహాం లో అనే మానసిక వైద్యుడు షికాగోలో 1937లో మొదలుపెట్టిన రికవరీ అనే స్వయంసహాయక సంస్థ మీటింగులను తర్వాత సభ్యులే నడుపుకుంటూ వచ్చారు. జపాన్‌లో మోరిటా షోమా అనే వైద్యుడు వందేళ్ల క్రితమే ఎదుటివాళ్ల చూపుకు భయపడేవాళ్లకు ఒక చికిత్స తయారుచేశారు. భయం పోయాక పని చేద్దామని ఆగవద్దు, భయాన్ని ఉండనిచ్చి చేయాల్సిన పని చేయండి, స్థూలంగా ఇదే ఆయన పద్ధతి. దాని మీద ఆధారపడి 1970లో అక్కడ ఏర్పడిన సేకత్సు నో హక్కెన్‌కై అనే స్వయంసహాయక సంఘాన్ని నడిపేది ఈ బాధ పడినవాళ్లే.

ప్రసంగాలు నేర్పే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు 1924 నుంచి ఉన్నాయి. వేదిక మీద మాట్లాడటమే మీ భయమైతే బాగా ఉపయోగపడతాయి. కానీ అది చికిత్స కాదు, అక్కడివాళ్లకు మీ జబ్బు తెలియాలనీ లేదు. మన మాస్టారు గారి లాగా ప్రసంగం వచ్చినా కబుర్లు రానివాళ్లకు అది మందు కాదు.

కిటికీపక్క

నేను సభ్యులే నడిపే గ్రూపులో చాలాకాలం ఉన్నాను. ఒక హెచ్చరిక చెప్పాలి, ఎవరూ ఇంతవరకు అనలేదు.

మా గ్రూపు చాలా చక్కగా ఉండేది. ఒకరంటే ఒకరికి ప్రాణం. పుట్టినరోజులు గుర్తుంచుకునేవాళ్లం. అక్కడ నేను గలగలా మాట్లాడేదాన్ని. అక్కడి నుంచి బయటికొస్తే మళ్లీ అదే మూగతనం. ఆఫీసులో ఎవరైనా కలుద్దామని పిలిస్తే "ఆరోజు మా గ్రూపుంది" అని తప్పించుకునేదాన్ని. అంటే ఏ భయాన్ని తగ్గించుకోవడానికి చేరానో ఆ భయానికి గ్రూపే సాకుగా మారింది. నాలుగు గోడల మధ్య అలవాటైన పది ముఖాల ముందు ధైర్యం రావడం వేరు, కొత్త ముఖం ముందు రావడం వేరు.

నేను మాత్రమే కాదు, మాలో సగం మంది అలాగే ఉన్నారని ఒక కొత్త సభ్యుడు వచ్చి అడిగేదాకా ఎవరికీ తోచలేదు. "మీరంతా ఇంత బాగా మాట్లాడుతున్నారు కదా, ఇంకా ఎందుకు వస్తున్నారు?" అన్నాడు. గదంతా నిశ్శబ్దం. ఆ తర్వాత రెండు నిర్ణయాలు తీసుకున్నాం. ప్రతి ఒక్కరూ వారంలో బయట చేసే పని ఒకటి ముందే చెప్పాలి, చిన్నదైనా సరే. తర్వాతి వారం మొదటి అరగంట దాని గురించే మాట్లాడాలి, చేయకపోయినా ఎవరూ కోప్పడరు. ఇంకొకటి, కొత్తవాళ్లను తీసుకుంటూ ఉండాలి. అందరికీ ఇబ్బందే, అందుకే తీసుకోవాలి.

లెక్కలమాస్టారు

కిటికీపక్క గారు రాసింది ఈ చర్చలోకెల్లా విలువైన మాట. మా థెరపిస్టు కూడా ఇంటిపనిలేని వారం వృథా అనేవారు. గదిలో చేసింది నమూనా, స్టాఫ్ రూములో చేసిందే అసలు.

దారిపొడవునా గారూ, మీరు మొదలుపెడితే ముగ్గురితోనైనా పెట్టండి, కానీ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ముందే ఖాయం చేసుకోండి. ముగింపు తెలిస్తే భయస్థుడు కూడా ఓర్చుకుంటాడు. గడియారం చూసే బాధ్యత వంతులవారీగా తీసుకోండి. ఎవరైనా మాట్లాడను అంటే ఒక్కసారి అడిగి వదిలేయండి. సలహాలు తక్కువ, అభ్యాసాలు ఎక్కువ. మైఖేల్ లీబోవిట్జ్ 1987లో తయారుచేసిన కొలమానంలో 24 సందర్భాలుంటాయి: నలుగురిలో తినడం, ఫోను చేయడం, ఎవరైనా చూస్తుండగా రాయడం, కొన్న వస్తువు తిరిగి ఇచ్చేయడం, ఇలా. దాన్ని జబ్బు కొలవడానికి కాకుండా అభ్యాసాల జాబితాగా వాడుకోండి. సులువైనది ముందు.

నిర్వాహకుడు

దానికి నాదొక చేర్పు. థెరపిస్టు లేని గ్రూపులో ఎవరైనా బతకాలని లేదన్న మాట అంటే, దాన్ని గ్రూపులోనే పరిష్కరించాలని చూడకండి. ఆరోజే ఆ మనిషి పక్కన ఉండి డాక్టరు దగ్గరికి చేర్చండి. ఇది మొదటి మీటింగులోనే అందరూ ఒప్పుకోవాల్సిన నియమం. ఇక్కడ చదువుతున్నవాళ్లలో ఎవరికైనా అలా అనిపిస్తుంటే నాకు విడిగా రాయండి, రాత్రి అయినా సరే. మీ ప్రాంతంలోని హెల్ప్‌లైనుకు కూడా అప్పుడే ఫోను చేయండి.

తలుపుచాటు

గ్రూపు నడిపే ఆవిడకు మెసేజ్ పెట్టాలనుకుంటున్నాను. అరగంట నుంచి రాస్తూ చెరిపేస్తున్నాను. పాతకాపు గారు చెప్పిన ప్రశ్న అడగాలి, పేర్ల రౌండు గురించి కూడా చెప్పాలి. గొంతెమ్మ కోరికలు కోరుతున్నాననుకుంటారేమో.

నెమలీక

ఏమీ అనుకోరు. ఆ గ్రూపు ఉన్నదే దాని కోసం. పొడవుగా రాయకండి, క్షమాపణలు అసలు రాయకండి. ఇలా పంపండి:

"పోయినసారి పరిచయాల సమయంలో నాకు బాగా భయం వేసి వెళ్లిపోయాను. మళ్లీ రావాలనుంది. మీటింగులో అభ్యాసాలు ఉంటాయా, మాట్లాడుకోవడమే ఉంటుందా? పరిచయాల్లో మొదటి వంతు నాకు ఇవ్వగలరా?"

మొదటి వంతు ఎందుకంటే, మిమ్మల్ని చంపింది మాట్లాడటం కాదు, ఎదురుచూడటం. మొదట మీరే చెప్పేస్తే మిగతా అందరి మాటలూ వినగలుగుతారు.

తలుపుచాటు

మొదటి వంతు అన్న ఆలోచనే రాలేదు నాకు. మీరు రాసినదాంట్లో ఒక్క మాటా మార్చకుండా పంపేశాను.

ఉడుత

ఇంత త్వరగానా! జవాబు వచ్చిందా?

తలుపుచాటు

వచ్చింది. అభ్యాసాలు మూడోవారం నుంచి మొదలవుతాయట. మొదటి వంతు ఇస్తామన్నారు. కానీ ఈ గ్రూపులో నేను రెండు వారాలు వెనకబడ్డాను కాబట్టి ముందు ఒకసారి విడిగా వచ్చి కలవమన్నారు.

ఉడుత

అయితే నాదొక ప్రశ్న, మీకు కాదు, అందరికీ. నేను గ్రూపు దాకా ఇంకా రాలేను. ముందు ఒక్కరితో ఫోనులో మాట్లాడటం అభ్యాసం చేయాలనుంది. వారానికొకసారి, పది నిమిషాలు. నాలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏం మాట్లాడాలో ముందే రాసుకోకూడదన్నది షరతు.

వానచినుకు

నేనున్నాను. ఆదివారం సాయంత్రం కుదురుతుందా? మీరు ఫోను చేస్తారా, నన్ను చేయమంటారా? ఇద్దరిలో ఎవరికి చేయడం కష్టమో వాళ్లే చేద్దాం.

ఉడుత

అయితే నేనే చేయాలి. నంబరు విడిగా పంపండి. ఆరు గంటలకు.